ఎర్రదీపం కింద చెప్పులు

సంతాపసభలో నాకు మైకు ఇవ్వలేదు. బొత్తిగా ఇవ్వలేదంటే అబద్ధమవుతుంది. బాగుచేయడానికి ఇచ్చారు. సభ మొదలవగానే అది చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంటే, వేదిక మీదున్న పెద్దమనిషి ఒకాయన నన్ను గుర్తుపట్టి, "మన సౌండాయన ఉన్నాడుగా, పిలవండయ్యా" అన్నాడు. వెళ్లి స్పీకరు ముఖం పక్కకు తిప్పి, మైకును కాస్త వెనక్కి జరిపి, ఆ అరుపు ఆపాను. "నేనూ రెండు మాటలు మాట్లాడతానండీ" అన్నాను. "తప్పకుండా, చివర్లో" అన్నారు. చివర్లో వందన సమర్పణ జరిగింది, టీ ఇచ్చారు, కుర్చీలు ఎత్తేశారు.

నాకిది కొత్త కాదు. ఇన్నేళ్లుగా ఈ విషయం గురించి నోరు విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు నాకు టీ ఇస్తూనే ఉన్నారు.

పోయినాయన మోకాళ్ల డాక్టరు. జూబ్లీహిల్స్‌లో రాళ్లగుట్టను తొలిచి కట్టిన ఆసుపత్రిలో, అరిగిపోయిన మోకాలి కీళ్లు తీసేసి కొత్తవి అమర్చేవారు. సభలో అందరూ ఆయన చేతుల గురించే మాట్లాడారు. బంగారు చేతులన్నారు, దేవుడి చేతులన్నారు. నాకు గుర్తున్నది ఆయన చేతులు కాదు, తలుపు. తలుపు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పైగా ఒకాయన, "ఆపరేషన్ థియేటర్ తలుపు మీద ఎర్రదీపం పెట్టించే పద్ధతి డాక్టరు గారు విదేశాల్లో చూసి వచ్చి మన ఊళ్లో ప్రవేశపెట్టారు" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగి, "కూర్చోండి సార్, కనపడట్లేదు" అన్నారు.

ఆ ఎర్రదీపం ఆయన ఫిల్మ్‌నగర్‌లో చూశారు. నా తలుపు మీద చూశారు.

అప్పటికి నేను మద్రాసు నుంచి వచ్చేసి, ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో శబ్దం రికార్డు చేసే పని చూస్తున్నాను. కీళ్లనొప్పుల మీద టీవీకి తీసిన చిన్న ఫిల్ముకు ఆయన స్వయంగా గొంతు ఇవ్వడానికి వచ్చారు. తలుపు దాకా వచ్చి ఆగిపోయారు. చేత్తో తియ్యలేదు. ఎవరైనా తీస్తారేమోనని చూసి, చివరికి మోచేత్తో నెట్టి లోపలికొచ్చారు. ఆయన ఎక్కడా తలుపు చేత్తో ముట్టుకునేవారు కారని తర్వాత తెలిసింది. చేతులు రెండూ ఎప్పుడూ ఛాతీ ముందు, అప్పుడే కడుక్కున్నట్టు ఎత్తి పట్టుకుని ఉండేవారు. చాలామంది దాన్ని నమస్కారం అనుకుని తిరిగి నమస్కరించేవారు. ఆయన కాదనేవారు కారు.

పని అయ్యాక బయటికొచ్చి, తలుపు మీద వెలుగుతున్న దీపం కింద నిలబడ్డారు.

"గిది వెలుగుతున్నంతసేపు ఎవ్వరు తలుపు తియ్యరా, సౌండ్ సాబ్?"

"తియ్యరండీ. నిర్మాత వచ్చినా బయట నిలబడాల్సిందే."

"నిజంగనా?"

"మావాళ్లలో కొందరున్నారండీ. చెప్పులు బయట విడిచి, గొళ్లెం చప్పుడు కాకుండా పట్టుకుని, పిల్లిలా జారి లోపలికొచ్చేస్తారు. శబ్దం రానంతవరకు మాకు నష్టం లేదు కాబట్టి ఏమీ అనం."

ఆయన మొదటి జవాబు విన్నారు. రెండోది వినలేదు. దీపం వంకే చూస్తూ, గుడిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. నేను చెప్పాను. స్పష్టంగా చెప్పాను. ఈ మాట ఇక్కడ ఒకసారి నమోదు కావాలి.

కొన్నాళ్లకే ఆయన ఆపరేషన్ గది మీద ఎర్రదీపం వచ్చింది. నా పేరు ఎక్కడా రాలేదు.

నా కుడి మోకాలు మద్రాసులోనే పోయింది. సెట్లో కేబుల్ తట్టుకుని పడ్డాను. షాట్ బాగా వచ్చింది కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు, నన్ను ఎవరూ లేపలేదు. ఆ మోకాలితో కృష్ణానగర్ నుంచి ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కడం ఏటేటా కష్టమై, చివరికి డబ్బింగ్ థియేటర్ మెట్లు కూడా కూర్చుని ఎక్కే స్థితికి వచ్చాను. మెట్లు ఎక్కలేనివాడికి పని ఎవరిస్తారు? ఆ కాలు బాగుపడితేనే నాకు తిండి. అందుకని ఆయన దగ్గరికి వెళ్లాను.

ఆయన మోకాలు చూడలేదు. ముందు పాదాలు చూశారు. వేళ్ల సందుల్లో టార్చి వేసి వెతికారు. తర్వాత నోరు తెరవమన్నారు.

"ఏంది సౌండ్ సాబ్, గీ దవడపన్ను ఎన్నొద్దుల సంది గిట్ల పుచ్చివున్నది?"

"నేను మోకాలి కోసం వచ్చానండీ."

"మోకాలు ఎటు పోతది? పన్నుల ఉన్నది నెత్తురుల పడి కొత్త కీలు కాడికి పోతది. పోయి కూసుంటది. జర పన్ను పీకించుకొని రాండ్రి."

పీకించుకుని వెళ్లాను. తేదీ ఇచ్చారు. నాకు తెలిసిన పద్ధతిలో నేను తయారయ్యాను. మేకప్ లేకుండా కెమెరా ముందుకు పోకూడదని నేర్చుకున్నవాళ్లం. కాలు శుభ్రంగా కనపడాలని యూసుఫ్‌గూడలో మా మంగలిని ఇంటికి పిలిచి, తొడ దగ్గర్నుంచి పాదం దాకా నున్నగా గీయించుకున్నాను. ఆసుపత్రిలో దుప్పటి తీసి చూసి ఆయన ముఖం నల్లబడింది.

"ఎవరు గీకిండ్రు?"

"మా మంగలండీ. హీరోలకు చేసే చెయ్యి."

"గీకినకాడల్లా కంటికి కనపడని గీతలు పడ్డయి. గా గీతలల్ల ఏమేం మొలుస్తున్నయో మీకెర్కనా? ఇంటికి పోండ్రి. తోలు మానినంక రాండ్రి. వెంట్రుకలు ఉంటే ఉండనియ్యుండ్రి, మేమే కత్తిరిస్తం."

వార్డులో అందరూ వింటుండగా అన్నారు. పక్క మంచం ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

వెళ్లబోతుంటే మెత్తబడి, నా మంచం అంచున కూర్చోకుండా, పక్కన నిలబడి చెప్పారు. "కోపం చెయ్యకుండ్రి. ఎముక మీ తీరుదే, సౌండ్ సాబ్. పడనిది ఒక్కసారి లోపలికి పోయిందనుకో, ఏండ్లకేండ్లు మనసుల పెట్టుకుంటది. పైన తోలు మంచిగ మానిపోతది. మనిషి నడుస్తడు, తిరుగుతడు. లోపల గది అట్లనే ఉంటది, ఒక దినం లేస్తది."

తర్వాత తన మామూలు మాట అన్నారు. ఆసుపత్రిలో ఆయాల దగ్గర్నుంచి అందరికీ కంఠతా వచ్చిన మాట. "తలుపు తెరిస్తే మనిషొక్కడే రాడు."

గాలిలో దుమ్ము వస్తుందనీ, దుమ్ముతో సూక్ష్మక్రిములు వస్తాయనీ దాని అర్థమని జూనియర్ డాక్టర్లు వివరించేవారు. కావచ్చు. కానీ ఆ మాట అనేటప్పుడు ఆయన జూనియర్ల వంక చూసేవారు కారు. తలుపు వంక చూసేవారు.

తోలు మానింది. మళ్లీ వెళ్లాను. పొద్దున్నే సబ్బుతో స్నానం చేయించారు. నరంలోకి ముందుజాగ్రత్త మందు ఎక్కించారు. వెన్నులో సూది ఇచ్చి నడుము కింద మొద్దుబారేలా చేశారు, నిద్రపుచ్చలేదు. ఛాతీ మీదుగా అడ్డంగా గుడ్డ కట్టారు. నాకు కనిపించేది పైన దీపం, గుడ్డకు అవతల టోపీలూ కళ్లూ. మిగతాదంతా వినడమే. వినడం నా వృత్తి.

కత్తి పెట్టే ముందు ఆయనకొక పద్ధతి ఉంది. తలుపు మూసి, ఎర్రదీపం వేసి, గదిలో ఉన్నవాళ్లందరి చేతా నోటితో చెప్పిస్తారు. చెప్పినవాళ్లు తప్ప ఇంకెవరూ పని అయ్యేదాకా ఉండకూడదు, రాకూడదు.

"ఎవరెవరున్నరో చెప్పుండ్రి."

"సిస్టర్‌ని, సార్."

"మత్తు ఇచ్చేదాన్ని. నేనెక్కడికి పోతాను, పేషెంటు తల నా దగ్గరే ఉంటే."

"అసిస్టెంటుని సార్."

"ఆయాను సారూ, గీడ మూలకున్న."

"సౌండ్ సాబ్?"

"ఉన్నానండీ. కాళ్లు మీ దగ్గరే పెట్టుకున్నారుగా, లేచి వెళ్లనులెండి."

అందరూ నవ్వారు. నవ్వు ఆగింది. ఆగిన తర్వాత తలుపు వైపునుంచి వినిపించింది.

"నేను."

గొంతు గురించి నేను చెప్పేది జాగ్రత్తగా వినాలి. ఏ గొంతైనా తను పలికిన గదిని వెంట తెచ్చుకుంటుంది. బావి దగ్గర పలికితే బావి ఉంటుంది, హాల్లో పలికితే హాలు ఉంటుంది. ఆ ఆపరేషన్ గది గోడలన్నీ పలకలు, నేలంతా రాయి. సిస్టర్ గొంతుకు సన్నటి మోత ఉంది, ఆయా దగ్గుకు కూడా ఉంది. ఆ "నేను"కు మోత లేదు. గోడలకు గుడ్డ తొడిగిన మా డబ్బింగ్ గదిలో, మైకుకు పెదాలు ఆనించి పలికినట్టుంది. ఆ గొంతుకు గది లేదు. ఆడో మగో చెప్పలేను. ఇంత కాలం పనిచేసి అలా చెప్పలేకపోయిన గొంతు అదొక్కటే.

ఎవరూ కదల్లేదు.

"ఎవరది?" అన్నారు డాక్టరు గారు. "తలుపు ఎవరు తెరిచిండ్రు?"

"ఎవరూ తెరవలేదు సార్" అంది సిస్టర్.

గుడ్డ పైనుంచి ఆయన కళ్లు నా మీదికి వంగాయి. "సౌండ్ సాబ్, మీరు విన్నరా?"

"విన్నానండీ."

"ఏ దిక్కు?"

"తలుపు దగ్గర. తలుపుకు ఇవతల."

ఆ "ఇవతల" అన్న మాటకు ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. ఎత్తిన చేతులు అలాగే ఉన్నాయి. "బంద్ చెయ్యుండ్రి. ఇయ్యాల నేను మోకాలు ముట్ట."

"సార్, సామాన్లన్నీ తెరిచేశాం. సూది కూడా ఇచ్చేశారు" అన్నాడు అసిస్టెంటు.

"మల్ల ఉడకబెట్టుండ్రి. గీ గది ఇయ్యాల ఎవ్వరికి ఇయ్యొద్దు. మనోడు కానోడు లోపలున్నడు."

నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. సగం శరీరం చచ్చుబడిన మనిషిని, కోయకుండా, కుట్టకుండా, మూటలా తోసుకుని బయటికి తెచ్చారు. తలుపు దాటుతుంటే తల తిప్పి చూశాను. ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది. దాని కింద, గోడవారగా, ఒక జత తోలుచెప్పులు. పాతవి, మడమల దగ్గర లోపలి వైపుకి అరిగినవి. ముందు భాగం తలుపు వైపుకి ఉంది. లోపలికి వెళ్లేవాళ్లు విడిచినట్టే.

అప్పుడు నాకు మావాళ్లు గుర్తొచ్చారు. ఎర్రదీపం చూస్తే చప్పుడు చేయకూడదని తెలిసినవాళ్లు, చప్పుడు ఒక్కటి చేయకపోతే చాలనుకునేవాళ్లు. ఆ ఆసుపత్రికి సగం మంది ఫిల్మ్‌నగర్ నుంచే వస్తారు. ఎవరో ఒకరు అలవాటు చొప్పున చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి, జారి లోపలికొచ్చి ఉంటారు. గాలికి తెలియకుండా వచ్చామనుకుని ఉంటారు. ఇది నేను ఆలోచించి పెట్టుకున్న సమాధానం. నమ్మడానికి ప్రయత్నించాను. కానీ గది ఖాళీ చేసేటప్పుడు నేను చెవులు రిక్కించుకునే ఉన్నాను. బయటికొచ్చిన అడుగుల్లో చెప్పుల్లేని పాదం చప్పుడు ఒక్కటీ లేదు.

డాక్టరు గారు వద్దన్న గదిని ఆ మధ్యాహ్నమే ఇచ్చేశారు. బంజారాహిల్స్ నుంచి వచ్చే ఇంకో డాక్టరుకు. "కడిగించాం సార్, మందుపొగ కూడా పెట్టించాం" అని ఆసుపత్రి మేనేజరు అంటుండగా విన్నాను. పేషెంటు నాకు బాగా తెలిసిన మనిషి. పాత తరం డాన్స్ మాస్టరమ్మ. ఎందరో హీరోయిన్లకు అడుగులు నేర్పిన కాళ్లు. ఆవిడ కొడుకు సిద్ధాంతి చేత ముహూర్తం పెట్టించాడు, సినిమా మొదలుపెట్టినట్టే. ఆ ముహూర్తం దాటకూడదట.

వరండాలో నా మంచం పక్కనుంచే ఆవిడ స్ట్రెచర్ వెళ్లింది. నేను గట్టిగా అరిచాను. "మాస్టరమ్మా, ఇవాళ వద్దు! ఆ గదిలో వద్దు!"

అటెండరు నవ్వాడు. "సారుకు మత్తు దిగలే."

ఆవిడ కూడా నవ్వింది. "సెట్లో అరిచే నీ 'సైలెన్స్' అరుపులు ఇక్కడ కూడానా? ఊరుకో నాయనా, ముహూర్తం పోతుంది."

డాక్టరు గారు వరండా చివర చేతులు కడుక్కుంటున్నారు. నా అరుపు వినపడేంత దూరంలోనే ఉన్నారు. తల ఎత్తలేదు. అప్పటికే కడిగిన చేతుల్ని మళ్లీ మొదట్నుంచి కడగసాగారు.

నాకు కొన్నాళ్ల తర్వాత ఆయనే ఆపరేషన్ చేశారు, పై అంతస్తులో వేరే గదిలో. అందరూ తమ తమ మాట చెప్పారు. అందరి తర్వాత ఆయన చాలాసేపు ఆగారు. ఏమీ వినపడలేదు. "మంచిది" అని కత్తి పెట్టారు. ఈ రోజుకీ నా మోకాలికి ఏమీ కాలేదు. ఫిల్మ్‌నగర్ ఎత్తు నడిచి ఎక్కుతాను.

మాస్టరమ్మ గాయం కూడా మానింది. నడిచింది, పెళ్లిళ్లకు వెళ్లింది. తర్వాత ఒక రోజు మోకాలు వెచ్చబడింది. తర్వాత చీము. చివరికి పెట్టిన కీలు తీసేయాల్సి వచ్చింది. కాలు కర్రలా బిగిసిపోయింది. చూడ్డానికి వెళ్తే కిటికీ దగ్గర కుర్చీలో ఆ కాలు చాపుకుని కూర్చుని ఉంది.

"ఆ రోజు నువ్వేం విన్నావురా?"

చెప్పాను. ఆవిడ తలూపింది. ఆశ్చర్యపోలేదు.

"ఆ డాక్టరు ఎవరెవరున్నారని అడగలేదు. అడగకపోతే అది చెప్పదు కదా" అంది. "కానీ తలుపు దగ్గర నిలబడే ఉంది. నా వైపు చూస్తోందని తెలిసింది. ఎవరో మన యూనిట్ మనిషిలే అనుకున్నాను" అంది.

ఆవిడ పోయి కొంతకాలమైంది.

నా ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివాళ్లు ఒక ప్లాస్టిక్ సంచి చేతికిచ్చారు. "మీ చెప్పులండీ. ఆ రోజు థియేటర్ బయట వదిలేశారు." నావి కావన్నాను. నన్ను స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు కదా, చెప్పులేసుకుని నడిచి వెళ్తానా అన్నాను. "ఇంకెవరూ అడగలేదు సార్, మీవే అయి ఉంటాయి" అన్నారు. వాదించాను. టీ తెప్పించారు. చెప్పులు ఇంటికొచ్చాయి.

డాక్టరు గారిని ఆఖరుసారి చూసింది ఫిల్మ్‌నగర్ గుడి దగ్గర, ఒక సాయంత్రం. అప్పటికి పని మానేశారు. లోపలికి వెళ్లకుండా, మెట్ల పక్క జనం చెప్పులు విడిచేచోట నిలబడి, ఆ చెప్పుల గుట్టను చూస్తున్నారు. చేతులు ఛాతీ ముందు అలాగే ఉన్నాయి. దారినపోయేవాళ్లు నమస్కారం అనుకుని నమస్కరిస్తున్నారు.

నన్ను చూసి పలకరింపులేమీ లేకుండా అడిగారు. "గవి ఇంక మీ కాడనే ఉన్నయా?"

చెప్పుల సంగతి నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

"ఉన్నాయండీ. ఎవరివండీ అవి?"

"ఎవరియన్నది కాదు సౌండ్ సాబ్ నా ఫికర్. విడిచినోడు లోపలికైతే పోయిండు. బయటికి రాంగ చూసినోడు లేడు."

"మరి మాస్టరమ్మకు ఎందుకు చెప్పలేదండీ? ఆవిడ మీ ముందునుంచే వెళ్లింది. నేను అరిచాను. మీరు విన్నారు."

గుళ్లో గంట మోగింది, ఆగింది.

"ఏమని చెప్పాలె?" అన్నారు. "మేనేజరుకు చెప్పిన, గది ఇయ్యొద్దని. ఎందుకన్నడు. ఏమని చెప్పాలె? గదిల ఎవరో 'నేను' అన్నరని చెప్పాలెనా? నవ్వుతరు. మీరు చెప్పిండ్రు కదా, నవ్విండ్రు కదా."

"నవ్వితే నవ్వారు. నేను చెప్పాను."

"అవును" అన్నారు. "మీరు చెప్పిండ్రు."

ఇన్నేళ్లలో నేను చెప్పానని ఒప్పుకున్న మనిషి ఆయనొక్కరే. అలా ఒప్పుకుని, వెనక్కి తిరిగి, మోచేత్తో గుడి బయటి గేటు నెట్టుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు ఆయన కూడా లేరు. సభలో ఆయన ఫోటో పెట్టారు. ఫోటోలో కూడా చేతులు ఛాతీ ముందున్నాయి. అందరూ నమస్కారం అనుకున్నారు.

సభ అయ్యాక ఆసుపత్రి పెద్దను పట్టుకుని నిలదీశాను. కింది అంతస్తులో ఆ గది ఇంకా నడుస్తోందన్నాడు. కత్తి పెట్టే ముందు ఎవరెవరున్నారో అడిగే పద్ధతి ఉందా అంటే, "అదంతా డాక్టరు గారి చాదస్తం సార్, టైం వేస్టు" అన్నాడు. ఎర్రదీపం మాత్రం ఉంచారట, చూడ్డానికి బాగుంటుందని.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివేవాళ్లలో ఆ రోజు ఆ వరండాలో ఉన్నవాళ్లు ఉండొచ్చు. చెప్పులు నా గుమ్మం పక్కనే ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు. మావాడు ఎవరైనా తెలియక లోపలికొచ్చి ఉంటే, వచ్చానని చెప్పాలి. బయటికి ఎలా వెళ్లాడో కూడా చెప్పాలి. ఆసుపత్రివాళ్లు ఆ గదిలో మళ్లీ తలుపు మూసి, ఎవరెవరున్నారని ఒక్కసారి గట్టిగా అడిగి, విన్నదేమిటో నాకు చెప్పాలి. మాస్టరమ్మకు ఎవరూ చెప్పలేదు. నాకైనా చెప్పాలి. మీరెవరూ చెప్పకపోతే, ఆ రోజు "నేను" అన్నవాళ్లే చెప్పాలి. గొంతు నాకు గుర్తే. వింటున్నాను.